ఇద్దరు కలిసి ఒక్క ముద్దాయి

నేరంలో రెండు భాగాలుంటాయన్న సంగతి డీఎస్పీ చక్రధరరావు గారికి ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్లకు తెలిసింది. నగరంలో పోలీసు అధికారులకు పెట్టిన శిక్షణ తరగతుల్లో, మధ్యాహ్నం గుత్తివంకాయ కూరతో భోజనాలయ్యాక, ఒక ప్రొఫెసరు గారు బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క ‘చెయ్యి’ అనీ ఇంకో పక్క ‘మనసు’ అనీ రాశాడు. చేతితో చేసిన తప్పుడు పనీ, మనసులో ఉన్న దురుద్దేశమూ, రెండూ ఉంటేనే నేరం అన్నాడు. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పాడు గానీ, గుత్తివంకాయ పనిచేయడం మొదలుపెట్టడం వల్ల చక్రధరరావు గారికి అంతవరకే వినిపించింది.

వినిపించినంత మేరకు ఆయన కదిలిపోయారు. ఇన్నేళ్లూ చేతుల్ని పట్టుకుని మనసుల్ని ఊరి మీద వదిలేశామే అని కుమిలిపోయారు. తాను పనిచేసే చినగాడేరు తిరిగి రాగానే స్టేషన్ గుమ్మానికి ‘సంపూర్ణ నేర మాసోత్సవం’ అని గుడ్డ కట్టించి, ఒక ఉత్తర్వు అంటించారు.

“ఇకమీదట సగము నేరముతో ఏ వ్యక్తినీ ముద్దాయిని చేయరాదు. అటులనే, సగము దొరికిన ఏ వ్యక్తినీ మిగతా సగము కొరకు క్షుణ్ణముగా వెదకక విడువరాదు. దురుద్దేశములు కలిగిన పౌరులు వాటిని స్వచ్ఛందముగా స్టేషనులో తెలియజేసి శాంతిభద్రతలకు సహకరింపవలెను.”

మొదటి వాక్యం బంగారంలాంటిది. రెండో వాక్యంలో కాలు జారి పడ్డవాడు పేరూరి నాగభూషణం.

నాగభూషణం వంటమేస్త్రి. ఆ లంకల్లో భూషణం పనసపొట్టు కూర వడ్డించని పెళ్లిని పెళ్లి కింద లెక్కవేయరు. అయితే వంటమేస్త్రి అంటే గరిటె తిప్పేవాడే కాదు. పెళ్లివారు ముందురోజు సాయంత్రం సామాన్ల గది తాళంచెవి తెచ్చి మేస్త్రి చేతిలో పెడతారు. నెయ్యి డబ్బాలు, జీడిపప్పు, ఇంటివారి వెండి గిన్నెలు, అన్నీ ఆ గదిలోనే ఉంటాయి. ఆ తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగితేనే మేస్త్రి, లేకపోతే కూలివాడు. భూషణం తాత నాటి నుంచీ ఆ ఇంటివాళ్ల చేతికి ఎవరూ వంక పెట్టలేదు.

అలాంటి చెయ్యి ఒక పెళ్లి మధ్యాహ్నం పొరపాటు చేసింది. కల్యాణ మండపం బయట రెండు పాత స్కూటర్లున్నాయి. రెండూ ఆకాశం రంగువే, రెండింటికీ రంగు రాలిపోయింది. ఆ కాలపు స్కూటర్లకు తాళం అనేది మర్యాద కోసం ఉండేదే గానీ, ఒకదాని చెవి ఇంకోదానికి పట్టకపోవడమంటూ ఉండదు. భూషణం ఎదురుగా ఉన్నదానికి చెవి పెట్టాడు, తిరిగింది. కిక్కు మీద కిక్కు కొట్టాడు, పలికింది. ఇంటికెళ్లి దిగాక భార్య మంగతాయారు డిక్కీ తీసి, “ఏవండీ, మన డిక్కీలో కొబ్బరి తాడూ కత్తీ ఉన్నాయేంటండీ?” అంది. భూషణం నెత్తి కొట్టుకుని బండి వెనక్కి తిప్పాడు.

అప్పటికే ఆ బండి తాలూకు మనిషి, కొబ్బరికాయల వ్యాపారి బులిరాజు, స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చేశాడు.

మామూలు రోజుల్లో అయితే హెడ్ కానిస్టేబుల్ ఏసుపాదం ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరి డబ్బుల్తోనూ మూడు టీలు తెప్పించి, “పోండయ్యా, పనీపాటా లేదా” అని తరిమేసేవాడు. మాసోత్సవం కాబట్టి డీఎస్పీ గారే స్వయంగా వచ్చి కూర్చున్నారు. భూషణం మనసుకి పంచనామా చేయాలన్నారు. మధ్యవర్తులుగా ఎదురుగా ఉన్న టీకొట్టతన్నీ, సైకిల్ షాపతన్నీ పిలిపించారు.

“బండి తీసే సమయంలో నీ మనసులో ఏముంది?” అన్నారు డీఎస్పీ గారు.

“సాంబారండి.”

“సాంబారేమిటి?”

“ఆయ్, రెండో బంతికి సాంబారు పల్చనైపోయిందండి. ఏ ఎదవ నీళ్లు పోసేశాడా అని ఆలోచించుకుంటా బండెక్కేశానండి.”

“ఇంకా లోపలికి చూసి చెప్పు.”

భూషణం కళ్లు మూసుకుని శ్రద్ధగా వెతికాడు. “అడుగున కొంచెం పెరుగువడ ఉందండి.”

ఏసుపాదం రాశాడు. “సదరు నాగభూషణం యొక్క మనస్సును మధ్యవర్తుల సమక్షమున సోదా చేయగా, సాంబారు మరియు పెరుగువడ మినహా దురుద్దేశము ఏదియు లభ్యము కాలేదు.” మధ్యవర్తులిద్దరూ సంతకాలు పెట్టారు. మనసు తమకి కనపడలేదు గానీ సాంబారు పల్చబడ్డ మాట మాత్రం నిజమేననీ, రెండో బంతిలో తామూ ఉన్నామనీ చెప్పారు.

“అయితే నేనెళ్లొచ్చాండి?” అన్నాడు భూషణం లేచి.

“ఎలా వెళ్తావయ్యా?” అన్నారు డీఎస్పీ గారు జాలిగా. “ప్రస్తుతానికి నీవు సగం నేరస్థుడివి. చెయ్యి దొరికింది. మనస్సు పరారీలో ఉంది. అది దొరికే పర్యంతం ప్రతిదినం స్టేషనుకు హాజరై సంతకం చేయవలసి ఉంటుంది.”

“మరి నా బండో?” అన్నాడు బులిరాజు.

“అది నీ బండి కాదు. కేసు ప్రాపర్టీ.”

సాయంత్రానికల్లా ఊరంతా భూషణానికి ‘సగం దొంగ’ అని పేరు పడిపోయింది. మన ఊళ్లలో పేరు పెట్టడానికి పంచనామా అక్కర్లేదు. ఆ వారంలోనే రైసుమిల్లు వారింట్లో నిశ్చితార్థం. ఇంటి యజమానురాలు కామేశ్వరమ్మ గారు భూషణాన్ని ఆప్యాయంగానే పిలిచారు గానీ, తాళంచెవి మాట ఎత్తలేదు.

“నీ వంటకి వంక పెట్టేవాళ్లెవరు నాయనా? కాకపోతే ఈసారికి సామాన్లు మా మరిది ఇస్తాడు. నీకేం కావాలో కిటికీలోంచి అడుగు.”

భూషణం నెయ్యి కిటికీలోంచి అడిగాడు. చింతపండు కిటికీలోంచి అడిగాడు. మరిదిగారు జీడిపప్పు గుప్పెట్లో లెక్కపెట్టి చువ్వల మధ్య నుంచి అందించాడు. కళ్లు తుడుచుకుంటుంటే పొగ అని చెప్పాడు గానీ, ఆ రోజు పొయ్యి గ్యాసుది. పూర్తి దొంగ అన్నా ఇంత బాధ ఉండేది కాదనిపించింది. ఇంటికొచ్చి మంగతాయారుతో ఒక్కటే మాట అన్నాడు.

“దొంగనైతే దొంగనని అనమను. కాకపోతే కాదని అనమను. ఎవరో ఒకరు గట్టిగా అనాలే. లేకపోతే ఈ జన్మకి నా చేతిలో మళ్లీ తాళంచెవి పెట్టరు.”

మర్నాడు అతను సంతకం పెట్టడానికి వెళ్లేసరికి, స్టేషన్లో రిటైరైన లెక్కల మాస్టారు ఆకెళ్ల సుందరరామయ్య గారు గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. భూషణానికి ఎనిమిదో తరగతిలో భిన్నాలు చెప్పబోయి ఓడిపోయిన మాస్టారు ఆయనే. జన్మలో అబద్ధమాడి ఎరగరు. ఆ కారణంగా ఊళ్లో ఆయనతో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు.

“ప్రభుత్వం వారు దురుద్దేశాలు తెలియజేయమన్నారు కనక వచ్చాను,” అంటున్నారాయన. “నా దగ్గర ఒకటి ఉంది.”

చక్రధరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మాసోత్సవం మొదలయ్యాక స్వచ్ఛందంగా వచ్చిన మొదటి మనసు ఇదే. అంతకుముందు ఇద్దరు కోడళ్లు వచ్చారు గానీ, వాళ్ల ఉద్దేశాలు రాసుకోవాలంటే స్టేషన్లో కాగితాలు చాలవని ఏసుపాదం బయటినుంచే పంపేశాడు.

“మా పక్కింటి బులిరాజు రోజూ భోజనానికొచ్చి, సరిగ్గా నాకు కునుకు పట్టే వేళకి ఆ దిక్కుమాలిన స్కూటర్ స్టార్ట్ చేస్తాడు. అది పది కిక్కులకి గానీ కదలదు. ఆ బండిని ఎత్తుకుపోయి కాలవలో తోసేయాలని ఆరేళ్లుగా నాకు దృఢమైన సంకల్పం ఉంది. మోకాళ్లు సహకరించక ఆగాను.”

“ఏ స్కూటరు?” అన్నారు డీఎస్పీ గారు.

మాస్టారు కిటికీలోంచి గొడుగుతో చూపించారు. స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద కేసు ప్రాపర్టీ నిలబడి ఉంది.

చక్రధరరావు గారి కళ్లు చెమర్చాయి. చెయ్యి భూషణం దగ్గర దొరికింది. మనసు మాస్టారి దగ్గర దొరికింది. బండి ఒక్కటే. వేరువేరు చోట్ల పడి ఉన్న నేరం తన హయాంలో ఒక్కచోటికి చేరింది.

“మాస్టారూ, తమరు లెక్కల వారు. సగమూ సగమూ కలిపితే ఎంత?”

“ఒకటి,” అన్నారు మాస్టారు. ఎంత ప్రమాదంలో ఉన్నా ఆయన లెక్క తప్పు చెప్పలేరు.

“అదీ సంగతి. మీరిద్దరూ కలిసి ఒక ముద్దాయి.”

అప్పటికప్పుడు వివరాలు రాయించారు. ముద్దాయి పేరు నాగభూషణ సుందరరామయ్య. వయస్సు, ఇద్దరిదీ కలిపి సరాసరి. వృత్తి, వంట మరియు లెక్కలు. పుట్టుమచ్చల దగ్గర ఎడమ చేతి మీద నూనె కాలిన మచ్చ, బట్టతల అని రాశారు. సంతకం చేసేటప్పుడు ‘నాగభూషణ’ వరకు భూషణం, తక్కిన భాగం మాస్టారు పెట్టాలన్నారు. మధ్యాహ్నం అయ్యాక ఏసుపాదం ఒక్క భోజనమే తెప్పించాడు.

“ఇద్దరున్నాం కదండీ?” అన్నాడు భూషణం.

“ఇద్దరెక్కడున్నారయ్యా? ఒక ముద్దాయికి ఒక భోజనమే మంజూరు.”

విస్తరి మధ్యలో మాస్టారు వేలితో గీత గీశారు. భూషణం సాంబారు రుచి చూసి, తన మీద కేసు పెట్టినదానికంటే ఎక్కువగా బాధపడ్డాడు.

ఇంటికి పంపారు గానీ షరతులు పెట్టారు. ముద్దాయి ఊరు దాటితే పూర్తిగా దాటాలి, సగం దాటకూడదు. అంచేత భూషణం కూరగాయలకి రావులపాలెం సంతకి పోవాలంటే మాస్టారు కూడా బస్సెక్కాలి. మాస్టారు కళ్లజోడు బాగుచేయించుకోవడానికి అమలాపురం పోవాలంటే భూషణం పొయ్యి ఆర్పి వెళ్లాలి. బస్సులో మాత్రం ఆర్టీసీ వారు చట్టం అర్థం చేసుకోక ఇద్దరికీ టిక్కెట్లు కొట్టారు.

రావులపాలెం బస్సులో బెండకాయల సంచీ ఒళ్లో పెట్టుకుని భూషణం అడగాల్సింది అడిగేశాడు.

“మాస్టారండీ, మీరా ఉద్దేశం ఎనక్కి తీసేసుకోండి. మీ మనసు తీసేస్తే నా చెయ్యి బయట పడతాదండి.”

“ఆరేళ్లుగా ఉన్నది లేదని ఎలా చెప్పనురా? అబద్ధం కదూ?”

“మీ నిజం నా కొంప ముంచుతాందండి! కిటికీలోంచి నెయ్యి అడుక్కున్నానండి నేను!”

మాస్టారికి భిన్నాలు రాని ఈ కుర్రాడంటే మొదటినుంచీ ఇష్టమే. బస్సు కాలవ దాటుతుండగా ఆయన ముఖం వెలిగింది. “ఒరే భూషణం, ఒక మాట. బండి స్టేషన్లో పడ్డప్పటినుంచీ నాకు హాయిగా నిద్రపడుతోంది. ఇప్పుడు లోపల చూసుకుంటే ఆ ఉద్దేశం కనపడట్లేదురా. నిజంగానే పోయింది. పోయిందని చెబితే అబద్ధం కాదు కదా!”

ఇద్దరూ బెండకాయలతో సహా స్టేషన్లో దిగారు. దురుద్దేశం కరిగిపోయిందని మాస్టారు చెప్పగానే చక్రధరరావు గారు తల పట్టుకున్నారు.

“కరిగిపోవడమేమిటి మాస్టారూ? అది కోర్టులో దాఖలు చేయవలసిన సాక్ష్యం! స్వాధీనంలో ఉన్న సాక్ష్యం చెడిపోతే మా ఉద్యోగాలు పోతాయి. ఏసుపాదం! సదరు మనస్సును యథాస్థితిలో భద్రపరచుటకు తక్షణ చర్యలు గైకొనుము.”

ఆ మర్నాటినుంచి రోజూ మాస్టారికి కునుకు పట్టే వేళకి, ప్రభుత్వ ఖర్చుతో పెట్రోలు పోయించి, ఏసుపాదం కేసు ప్రాపర్టీ మీద వచ్చి ఆయన కిటికీ కింద పది కిక్కులు కొట్టేవాడు. ఒకరోజు బండి మొదటి కిక్కుకే స్టార్టయితే, నియమం ప్రకారం ఆపి మిగతా తొమ్మిదీ పూర్తి చేశాడు. మూడో రోజుకల్లా మాస్టారి ఉద్దేశం ఎప్పటిలా తిరిగొచ్చింది. ఈసారి బండితో పాటు ఏసుపాదాన్ని కూడా కాలవలో తోయాలని ఉందని ఆయన నిజాయితీగా తెలియజేశారు. అది అదనపు ఉద్దేశమనీ, దానికి తగిన చెయ్యి దొరికాక చూద్దామనీ డీఎస్పీ గారు పక్కన పెట్టించారు.

వాయిదా రోజు వచ్చింది. బోనులో ఒక్క మనిషికే చోటుంది. భూషణం గొడుగు పట్టుకుంటే మాస్టారు ఊపిరి బిగబట్టారు, అలా ఇద్దరూ సర్దుకున్నారు. బయట వరండాలో రైసుమిల్లు వారి మరిది, పెళ్లిళ్ల పేరయ్య, టీకొట్టతను, సగం ఊరు నిలబడి ఉంది. ఈ రోజు ఇక్కడ ఏ మాట వినపడితే ఇక అదే తన పేరు అనుకున్నాడు భూషణం.

మేజిస్ట్రేటు గారు నడివయసు ఆవిడ. కాగితాలు ఒకసారి చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

“ఇందులో ముద్దాయి ఎవరు?”

“నేనేనండి, సగం,” అన్నాడు భూషణం.

“తక్కినది నేను,” అన్నారు మాస్టారు.

ఆవిడ డీఎస్పీ గారి వైపు తిరిగారు. చక్రధరరావు గారు ఎంతో వినయంగా, చేతికీ మనసుకీ మధ్యనున్న గీత దగ్గర మొదలుపెట్టి, పంచనామా మీదుగా, సాక్ష్యం భద్రపరచిన పద్ధతి దాకా వివరించారు. రాష్ట్రంలో ఇదే మొదటి సంపూర్ణ నేరమనీ, తక్కిన జిల్లాల వారు వచ్చి చూసి వెళ్లవచ్చుననీ మనవి చేశారు.

“చెయ్యీ మనసూ ఒకే మనిషివై ఉండాలండీ,” అన్నారావిడ.

“అలాగని మాకు చెప్పలేదు మేడమ్.”

“చెప్పే ఉంటారు.”

“భోజనాల తర్వాత చెప్పి ఉండవచ్చును మేడమ్,” అని ఒప్పుకున్నారు డీఎస్పీ గారు.

ఆవిడ కలం కింద పెట్టారు. “వినండి. ఇతను బండి తీశాడు, తనదే అనుకుని తీశాడు. అది పొరపాటు, నేరం కాదు. ఈ పెద్దాయన తీయాలని అనుకున్నారు, తీయలేదు. మనసులో అనుకోవడం నేరం కాదు. ఆ మాటకొస్తే, అనుకున్నదానికి కావలసిన సరంజామా సిద్ధం చేసుకోవడం కూడా మామూలుగా నేరం కాదు. పని మొదలుపెడితేనే చట్టం కలగజేసుకుంటుంది. రెండు సున్నాలు కలిపి మీరు ఒకటి చేశారు.”

“నన్నడిగితే సగమూ సగమూ అని అడిగారమ్మా,” అన్నారు మాస్టారు నొచ్చుకుంటూ. “సున్నాలని ముందే చెబితే లెక్క వేరేగా చెప్పేవాణ్ణి.”

“కేసు కొట్టేస్తున్నాను. వెళ్లొచ్చు.”

మాస్టారు బోను దిగారు. భూషణం దిగలేదు. రెండు చేతులూ కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“అమ్మగారూ, కొట్టేశారు, శానా సంతోషమండి. కానీ కొట్టేశారంటే తప్పించుకున్నాడంటారండి మా ఊళ్లో. మావోళ్లంతా వరండాలో ఉన్నారండి. నేను దొంగని కాదని తమరోసారి గట్టిగా అనండమ్మా. నా బతుకంతా ఈ చేతి మీదుందండి.”

కోర్టులో నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. మేజిస్ట్రేటు గారు అతనివైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత వరండా దాకా వినపడేలా, బంట్రోతు కంటే గట్టిగా అన్నారు. “పేరూరి నాగభూషణం దొంగ కాదు. సగమూ కాదు, పావూ కాదు, వీసమెత్తు కూడా కాదు.”

భూషణం బోనులోనే వంగి దణ్ణం పెట్టాడు. వరండాలో రైసుమిల్లు వారి మరిది ఎవర్నీ చూడకుండా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

“ఇంకొక్క మాట డీఎస్పీ గారూ,” అన్నారావిడ. “ఏ తప్పూ లేని ఇద్దర్ని ఇన్నాళ్లు తిప్పారు. అసలు ఏం ఆలోచించి ఇదంతా చేశారు?”

“నా మనస్సున ఏ దురుద్దేశమూ లేదు మేడమ్. ప్రమాణం చేసి చెబుతున్నాను, ఏమీ ఆలోచించకుండానే చేశాను.”

“అది కాగితాల్లో కనిపిస్తూనే ఉంది,” అని ఆవిడ లేచారు.

చక్రధరరావు గారు దానిని ప్రశంసగా స్వీకరించారు. మెట్ల దగ్గర భూషణాన్ని ఆపి భుజం మీద చెయ్యి వేశారు. మాసోత్సవం వచ్చే ఆదివారంతో ముగుస్తోంది. ముగింపు సభకి పై అధికారులు వస్తున్నారు. అందరికీ విందు.

“వంట నీవే చేయాలయ్యా. కోర్టు వారే నిర్దోషివని ధ్రువీకరించారు, ఇంతకంటే ఏం కావాలి? ఇదిగో, సామాన్ల గది తాళంచెవి. నీ చేతిలోనే ఉండనీ. వంకాయ కూర మాత్రం తప్పకుండా ఉండాలి.”

భూషణం తాళంచెవి అందుకుని, ఊరంతా చూస్తుండగా బొడ్లో దోపుకున్నాడు. ఎన్నాళ్లకో గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

అప్పుడు చక్రధరరావు గారికి ఎందుకో చిన్న అనుమానం వచ్చింది. “అన్నట్టు భూషణం, జరిగినదాని గురించి మా శాఖ మీద నీ మనసులో ఏమీ లేదు కదా?”

“ఎందుకు లేదండి? నిండా ఉందండి,” అన్నాడు భూషణం నవ్వుతూ. “కానీ ఉద్దేశమొక్కటే ఉంటే నేరం కాదని అమ్మగారు సెలవిచ్చారు కదండీ. సరంజామా సిద్ధం చేసుకున్నా నేరం కాదన్నారండి. గుంటూరు మిరపకాయలు ఓ రెండు బస్తాలు పంపించండి, పొయ్యి ఆదివారం ముట్టిద్దాం.”